రౌతు, కళ్ళెము, జేరుబందు

రౌతుకొద్ది గుఱ్ఱమను సామెత నెఱుగని తెలుగు కుటుంబ ముండదు. ఆంధ్రదేశపు టెల్లలు దాటి తరతరములుగా స్థిరపడి, వీథిలో నొక భాషయు, ఇంటిలో నొక భాషయు మాటలాడుచున్న మనవారి నోటను ఈ సామెత నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. రౌతనుమాట సంస్కృతమందలి ‘రాజపుత్ర’ శబ్దమునుండి ప్రాకృతముల మీదుగా వచ్చినది. అది మన యొక్కరి సొత్తు కాదు. కన్నడమున ‘రావుత’, అరవమున ‘రావుత్తర్’, ఒరియా మరాఠీ భాషలలో ‘రౌత్’ అని వినబడు మాటలన్నియు ఏకోదరములే. తమిళదేశమున నిది గుఱ్ఱముల వ్యాపారముతో సంబంధముగల యొక ముస్లిం సమాజమునకు పేరైనది. ఉత్కళమందును, మహారాష్ట్రమందును ఇంటిపేరైనది. ఇరుగుపొరుగువారి పేర్లలో నీ మాట వినబడినపుడు, ఒకప్పు డీ దక్షిణాపథమంతయు నొక్క గుఱ్ఱపుడెక్కల చప్పుడు వినినదని జ్ఞప్తికి వచ్చును.

ఆ చప్పుడును గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. యుద్ధములు, సేనల లెక్కలు, ఓడలు, వెలలు అన్నియు గ్రంథస్థములైనవి. కాని గుఱ్ఱమునకును రౌతునకును నడుమ నుండు తోలుపట్టెలను గూర్చి వ్రాసినవారు తక్కువ. కళ్ళెము, జీను, రికాబులకు చరిత్రలో కొంత చోటు దక్కినది. గుఱ్ఱము తల నెత్తి విసరకుండ ముంగాళ్ళ నడుమనుండి కట్టు పట్టెను మాత్రము ఎవరును పట్టించుకొనలేదు. దానినే ఆంగ్లేయులు ‘మార్టింగేల్’ అందురు. హిందూస్థానీ అశ్వశాలలలో ‘జేర్‌బంద్’ అందురు. ఇది పారసీక పదము: ‘జేర్’ అనగా క్రింద, ‘బంద్’ అనగా కట్టు. తెలుగు నోట నది జేరుబందైనది. చూచుట కల్పమైనను, ఈ పట్టె సరిగా నున్నచో ప్రాణము కాపాడును. తప్పుగా నున్నచో ప్రాణము తీయును. కావున దీని కథ చెప్పుట వ్యర్థము కాదనుకొనెదను.

మొదట గుఱ్ఱము మన కెంత దుర్లభమో తెలియవలెను. దక్షిణదేశపు నేలయు, తేమయు మేలుజాతి గుఱ్ఱముల పెంపకమునకు అంతగా అనుకూలించునవి కావు. అందుచే అరేబియా, పారసీక తీరములనుండి ఓడలపై తెప్పింపవలసివచ్చెను. 13వ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో, పాండ్యదేశపు రాజసోదరు లొక్కొక్కరు ఏటేటా రెండువేలకు పైబడి గుఱ్ఱములను కొనుచుండిరనియు, సరియైన పోషణ లేక వానిలో అధికభాగము ఏడాది తిరుగకుండ చచ్చుచుండెననియు వ్రాసెను. వండిన యన్నమును మాంసమును దాణాగా పెట్టుట చూచి యతడు విస్తుపోయెను. ఇంచుమించుగా ఆ కాలపు పారసీక చరిత్రకారుడు వస్సాఫ్, ఈ తీరమునకు సంవత్సరమునకు పదివేల గుఱ్ఱములు వచ్చుచుండెననియు, ఒక్కొక్కదాని వెల సగటున 220 దీనారములనియు, త్రోవలో చచ్చినవానికి సైతము వెల చెల్లుచుండెననియు చెప్పెను. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతము నిట్లే యున్నది. సాళువ నరసింహుడు వేయి వరహాలకు మూడేసి గుఱ్ఱములను, బ్రదికినవైనను చచ్చినవైనను, కొనెనట; సముద్రముపై చచ్చినదానికి తోక తెచ్చి చూపిన చాలునట! కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుఱ్ఱములను కొనెనని యతడే చెప్పుచున్నాడు. విదేశవర్తకుల నాదరించి గజాశ్వములు శత్రువులకు పోకుండ చూచుకొనవలెనని రాయలు తన ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెప్పినది ఊరక కాదు.

విదేశయాత్రికుల యంకెలను నూటికి నూరుపాళ్ళు నమ్మనక్కఱలేదు. కాని వారందఱును ఒక్క మాటపై నిలిచిరి: గుఱ్ఱము తెచ్చుట ధనముచే నగును, నిలుపుకొనుట విద్యచే నగును. ఆ విద్య మనకు బొత్తిగా లేదనుట సరి కాదు. శాలిహోత్రుని పేర వెలసిన అశ్వశాస్త్రము ప్రాచీనము. గుఱ్ఱపువైద్యునికి ఉత్తరదేశమున ‘సాలోత్రి’ యను పేరు ఆ ఋషినుండియే వచ్చినది. నకులుని పేరిట నున్న ‘అశ్వశాస్త్రము’ను తంజావూరు సరస్వతీమహలు 1952లో అచ్చువేసినది. తెలుగున మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ రచించెను. కాకతీయుల శాసనములందలి ‘సాహిణి’ బిరుదము అశ్వగజశాలల యధికారికి చెందినదే. కళ్ళెమునకు ‘కవిక’, ‘ఖలీనము’ అను పేర్లును, గుఱ్ఱపు నడకలకు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతమని పంచధారలును అమరసింహుడు చెప్పియుండెను. మనము పగ్గమును ‘వాగె’ యందుము. అది సంస్కృతమందలి ‘వల్గ’కు బిడ్డ. పేరులేని వస్తువునకు శాస్త్రముండదు. ఇన్ని పేరులున్న చోట శాస్త్రము లేదని యెట్లనగలము?

తమిళదేశమున నున్న మన పాఠకులకు శ్రీరంగమందలి శేషరాయ మంటపము చిరపరిచితము. ముంగాళ్ళెత్తి లంఘించు గుఱ్ఱములు, వానిపై రౌతులు, క్రింద వేటమృగములు. నల్లరాతిని మైనమువలె మలచిన యా స్తంభములు చూచి మురియని వాడుండడు. వేలూరు జలకంఠేశ్వరాలయపు కల్యాణమంటపమందును ఇట్టి యాశ్వికులే కలరు. కన్నడదేశమందలి వారు హంపిలోని మహానవమి దిబ్బను, హజారరామాలయపు ప్రాకారమును చూచియుందురు. అచ్చట గుఱ్ఱములు బారులు తీరి నడచుచుండును. ఈ రెండింటికిని గల భేదమును గమనింపుడు. హంపిలోనిది సేన నడచు తీరు. శ్రీరంగమందలిది శిల్పి కోరుకొన్న క్షణము. కనుల కెంత యందముగా నున్నను, ముంగాళ్ళు పైకెత్తిన గుఱ్ఱము రౌతునకు అన్నిటికంటె నపాయకరము. తల వెనుకకు విఱిచి, మూతి నింగికెత్తి నిలిచిన గుఱ్ఱపు నోట కళ్ళెపు టినుము పట్టు తప్పును. దాని మెడయో నడినెత్తియో రౌతు మొగమునకు తగులును. అట్టి తలను క్రిందికి నిలుపుటకే జేరుబందు పుట్టినది.

పాశ్చాత్యదేశముల కథ చూతము. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో గ్రీకువాడైన జెనోఫన్ అశ్వారోహణముపై చిన్న గ్రంథము వ్రాసెను. మృదువైన చేయి, ఓర్పు – ఇవియే యతని ఉపదేశము. ‘మార్టింగేల్’ అనుమాట ఫ్రాన్సునుండి 16వ శతాబ్దిలో ఆంగ్లమునకు వచ్చినది. దక్షిణ ఫ్రాన్సులోని మార్తీగ్ పట్టణమునుండి యది పుట్టెనని కొందఱును, అరబ్బీ మూలముగల స్పానిష్ మాటనుండి వచ్చెనని కొందఱును వాదింతురు. ఇందొక వింత గలదు. జూదమున నోడినకొలది పందెమును రెట్టింపు చేయు పద్ధతికిని ఫ్రెంచివారు ఇదే పేరు పెట్టిరి. గుఱ్ఱపు పట్టెకును జూదమునకును నొక్క పేరేమని పాశ్చాత్యులు తలలు పట్టుకొందురు గాని, నన్నయగారి అరణ్యపర్వము చదివిన మనకు వింత యేమున్నది? నలుడు ఋతుపర్ణునకు అశ్వహృదయమిచ్చి అక్షహృదయమును గైకొనలేదా? గుఱ్ఱపువిద్యయు పాచికలవిద్యయు మన కథలో నేనాడో చేయి కలిపినవి.

ఇక వస్తువునకు వత్తము. జేరుబందులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది స్థిరమైనది. జీనును బిగించు కడుపుపట్టెడ నుండి యొక తోలుపట్టె బయలుదేరి, ముంగాళ్ళ నడుమగా వచ్చి, మెడపట్టెడలోని తూముగుండ దూరి, నేరుగా ముక్కుపట్టె వెనుకభాగమునకు తగులుకొనును. గుఱ్ఱము తల నొక హద్దు దాటి యెత్తినచో ముక్కుపై ఒత్తిడి కలుగును, దించినచో పోవును. నోటితో దీనికి సంబంధము లేదు. మన దేశపు సంప్రదాయమందలి జేరుబందు ఈ జాతిదే. రెండవది చలించునది. దీనిపట్టె మెడ దాటినపిమ్మట రెండుగా చీలి, ఒక్కొక్క కొసయం దొక యుంగరము గలిగియుండును. ఆ యుంగరములగుండ వాగెలు పోవును. గుఱ్ఱము తల యెత్తినపుడు వాగెలు క్రిందికి లాగబడి కళ్ళెముమీదుగా నోటికి తెలియును. కావున ఇది రౌతు చేతితో కలిసి పనిచేయును. చేయి మెత్తనిదైన మెత్తనిది, మొఱటుదైన మొఱటుది. రౌతుకొద్ది గుఱ్ఱమను మాట ఈ యుంగరములయందు తూచినట్లు సరిపోవును.

వీనికి తోడు మఱికొన్ని గలవు. చీలిన పట్టెల నడుమ తోలుతొడుగు వేసినది దుడుకు పిల్లగుఱ్ఱములు పట్టెను కొఱకకుండుటకు. ఐర్లాండు పేర చెల్లునది జేరుబందు కానే కాదు. రెండుంగరములను కలిపిన చిన్న తోలుముక్క మాత్రమే. పందెపుగుఱ్ఱము తూలినపుడు వాగెలు రెండును తలమీదుగా ఒకవైపునకు పోకుండ నది యాపును. గుఱ్ఱపుతల నది పట్టదు.

ఎంత పొడవుండవలె ననునదియే ముఖ్యప్రశ్న. స్థిరమైన జేరుబందుకు పూర్వులు పెట్టిన పరీక్ష సులభము: గుఱ్ఱము తలను సహజముగా నిలిపినపుడు, పట్టెను క్రిందినుండి పైకి నెట్టినచో అది గొంతుక క్రింది వంపును తాకవలెను. తాకనిచో పొట్టిది, విప్పి సరిచేయుడు. చలించు జేరుబందు ఉంగరములను మూపువైపునకు లాగి చూచినపుడు, అవి మూపుకొసకు ఒక బెత్తెడు దూరమువఱకు రావలెను. గుఱ్ఱము తల సరిగా నున్నపుడు రౌతు చేతినుండి నోటివఱకు వాగె ఒక్క గీతగా నుండవలెను. ఉంగరమువద్ద వాగె క్రిందికి విఱిగినట్లు కనబడిన, పట్టె పొట్టిదనుటకు అదే సాక్ష్యము. అట్టి గుఱ్ఱమునకు తప్పు చేసినపుడే గాక, బుద్ధిగా నున్నపుడును నోట నొత్తిడి తప్పదు. నేరమునకును మంచితనమునకును నొకే దండన దొరికిన గుఱ్ఱ మేమి నేర్చుకొనును? మెడపట్టెడ క్రింద చేయి వెడల్పు దూఱవలెను. మెడపట్టెడయు ముంగాళ్ళ పట్టెయు కూడుచోట నొక రబ్బరుకట్టు తప్పక యుండవలెను. లేనిచో పట్టె జాఱి ముంగాళ్ళ నడుమ వ్రేలాడును, పరుగులో డెక్క దానిలో చిక్కును, గుఱ్ఱమును రౌతును కలిసి బోర్లపడుదురు. చలించుదానికి మఱి రెండు తోలుబిళ్ళలు గావలెను. వాగెలపై కళ్ళెమునకు సుమారు జేనెడు దూరమున వీని నమర్చినచో ఉంగరములు ముందునకు పోయి వాగెకొక్కెములలో గాని, గుఱ్ఱపు పంటిలో గాని తగులుకొనవు. పూటకు అయిదుకాసులు చేయని యీ బిళ్ళలు లేక జరిగిన ప్రమాదములు అశ్వశాలలలో కథలు కథలుగా చెప్పుకొందురు.

స్థిరమైన జేరుబందును కళ్ళెపు టినుమునకు కట్టరాదు. ముక్కుదూలపు కొసవఱకు దిగువగా బిగించు ముక్కుపట్టెకును కట్టరాదు. అచ్చటి యెముక పలుచనిది. పైగా గుఱ్ఱము మనవలె నోటితో ఊపిరి తీయలేదు, ముక్కే దాని కాధారము. ఈ కారణముననే నీటిలో దిగునపుడు స్థిరమైన జేరుబందును విప్పవలెనను నియమమున్నది. ఈదు గుఱ్ఱము ముక్కును నీటిపై నిలుపుకొనుటకు మెడను సాచి తల నెత్తవలెను. పట్టె దానిని క్రిందికి పట్టియుంచినచో ఆ తలయే దానికి మృత్యువగును. దక్కను సేనల చరిత్ర యనగా సగము నదులు దాటిన చరిత్రయే. కృష్ణ, తుంగభద్ర, భీమ – రేవులెఱిగి, పట్టెలు విప్పి, గుఱ్ఱములను నీట దింపు నేర్పరి లేనిదే ఏ దళమును ఆవలి గట్టు చేరియుండదు. రాజుల పేళ్ళు శాసనములకెక్కినవి. ఆ నేర్పరుల పే ళ్ళెక్కలేదు.

దూకునపుడును నిట్లే. గుఱ్ఱము మెడను ముందునకు సాచి దానితో తూకము నిలుపుకొనును. దూకబోవు చోటును తల కదల్చి చూచుకొనును. కావుననే అంతర్జాతీయ అశ్వక్రీడా సంఘపు నియమములలో దూకుడు పోటీలకు చలించు జేరుబందు మాత్రమే అంగీకృతము. నడక విన్యాసముల పోటీలో నేదియు అంగీకృతము కాదు. అక్కడ గుఱ్ఱపుతల నిలుపవలసినది శిక్షణయే గాని తోలు కాదు. పోలో యాటలో మాత్రము స్థిరమైన జేరుబందు దాదాపు ప్రతి గుఱ్ఱమునకు నుండును. అందు హఠాత్తుగా నాగుట, తిరుగుట మిక్కుటము, తల యెగసిన రౌతు మొగమే పగులును. ఆ యాట మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన ‘మానసోల్లాసము’లో గుఱ్ఱములనెక్కి బంతి నాడు వినోదము వర్ణితమై యున్నది. కన్నడదేశమందలి మన బంధువు లీ విషయమును తమ యూరి గొప్పగా చెప్పుకొనవచ్చును.

ఇపుడొక కఠినమైన మాట చెప్పక తప్పదు. గుఱ్ఱము తల విసరుటకు పదింట తొమ్మిది పాళ్ళు కారణము దాని పొగరు కాదు, దాని నొప్పి. మొనదేలిన దవడపళ్ళు, కళ్ళెపు పుండు, వెన్ను నొత్తు జీను, రౌతు చేతి కుదుపు – వీనిలో నేదో యొకటి యుండును. అది వెదకక పట్టె బిగించుట, జ్వరము వచ్చినవాని నోరు కట్టుటవంటిది. పైగా బిగించిన జేరుబందు గుఱ్ఱము ముంగాళ్ళెత్తుట నాపదు. ఎత్తినపుడు తూకము నిలుపుకొనుటకు మెడ వీలుగాక వెల్లకిల పడునట్లు చేయును. క్రింద రౌతుండును. గుఱ్ఱపుతలను క్రిందికి కట్టుటయందే కాదు, పైకి కట్టుటయందును క్రౌర్యము గలదు. 19వ శతాబ్దిలో ఇంగ్లండున బండిగుఱ్ఱముల తలలు ఠీవిగా నిలువవలెనని బిగుతైన యెత్తుపట్టెలు కట్టుచుండిరి. దాని బాధను గుఱ్ఱపు నోటనే చెప్పించి అన్నా స్యూవెల్ 1877లో ‘బ్లాక్ బ్యూటీ’ వ్రాసెను. ఆ పట్టెపై ప్రజల మనసు విఱుగుటకు ఆ పుస్తకము చాల తోడ్పడినది.

మన దేశపు మచ్చయు నొకటి కలదు. ముళ్ళకళ్ళెము. లోపలివైపున ములుకులు దేలిన యినుమును గుఱ్ఱపు నోట బెట్టి, ఆపై జేరుబందును ఆ యినుముకే కట్టుట. పెండ్లి ఊరేగింపులలో బాజాలకును బాణసంచాకును నడుమ గుఱ్ఱము కదలక నిలుచుట చూచి దాని సాధుత్వమును మెచ్చుకొను పెద్దలు, ఒకమాఱు దాని పెదవి మూలను చూడవలెను. 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దానిక్రింద 1965లో చేసిన నియమములు ముండ్లుగల కళ్ళెములను నిషేధించినవి. చట్టము పుట్టి యింత కాలమైనను ముళ్ళకళ్ళెములు అంగళ్ళలో పూర్తిగా మాయము కాలేదు. గుఱ్ఱమును మాటలాడుకొనునపుడే, పూలదండలు కట్టకమునుపే, కళ్ళెము తీయించి చూచుట పెండ్లివారికి నిమిషము పని.

అశ్వసేనల కాలము గతించినది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును జోధపూరు, మైసూరు లాన్సరు దళములు గుఱ్ఱములపై దూకి గైకొన్నవి. ఆ రెండు దళములకును హైదరాబాదు లాన్సరులకును గుర్తుగా ఢిల్లీలోని మూడు విగ్రహములు నిలిచియున్నవి. స్వాతంత్ర్యానంతరము సంస్థానముల యశ్వదళములను కలిపి 1953లో నొక్క రెజిమెంటుగా జేసిరి. అది నేటి 61వ కావల్రీ. ఇతరత్రా గుఱ్ఱము క్రీడలకును వినోదమునకును మిగిలినది. బెంగుళూరు, చెన్నై, పుణె, హైదరాబాదులలో స్వారి నేర్పు పాఠశాలలున్నవి. మన పిల్లలు, ఆడపిల్లలును, వానిలో చేరుచున్నారు. ముత్తాత రౌతైన యింటి పిల్ల మరల జీనెక్కుట చూచినచో నెవరికి సంతోషము కాదు?

అట్టి తల్లిదండ్రులు గురువు నడుగవలసిన ప్రశ్నలు కొన్ని. ఈ గుఱ్ఱమునకు జేరుబందెందుకు? దంతములు చూపించి యెంతకాలమైనది? వాగెబిళ్ళలు, రబ్బరుకట్టు ఉన్నవా? ప్రతిదినము తోలుకుట్లను చూచువా రెవరు? ‘ఎప్పుడును కట్టుచున్నాము గనుక కట్టితి’మను గురువుకంటె, ‘దీనికి లేకున్నను నడచు’నని విప్పు గురువు మేలు. నేర్చుకొనువానికి జేరుబందే వలదని కొందఱు గురువులందురు. నా మట్టుకు నా మాటలో సగమే యొప్పుకొందును. పట్టె వలదు గాని మెడపట్టెడ యుండనిండు. గుఱ్ఱము ఉలికిపడినపుడు క్రొత్తరౌతు చేయి వాగెలను పట్టి లాగుట సహజము. ఆ లాగుడంతయు గుఱ్ఱపు నోట పడును, అది మఱింత బెదరును. మెడకు వదులుగా నున్న యొక తోలుపట్టెడ చేతికి దొరికినచో పిల్లవాడు దానిని పట్టుకొని నిలదొక్కుకొనును, నోరు సుఖముగా నుండును. జీనుకు ముందుగా, మూపు దగ్గఱ, నాలుగు వ్రేళ్ళు దూఱునంత వదులుగా దానిని కట్టవలెను. బకులు ఎడమవైపున నుండవలెను.